నియమబద్ధమైన కోడ్, అందరికీ అందుబాటు, కంటికి నచ్చే హంగులు: ఒకే వెబ్ పేజీలో మూడింటినీ కుదుర్చుకునే పద్ధతి

నెల్లూరు, ఒంగోలు పట్టణాలలో వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న సంస్థలకూ, ఇంటి నుంచే పని చేసుకునే డిజైనర్లకూ వచ్చే పనులు ఎక్కువగా చుట్టుపక్కల వ్యాపారాలవే: ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు మండలాల రొయ్యల సాగుతో ముడిపడిన దాణా దుకాణాలు, చీమకుర్తి గ్రానైట్ యూనిట్లు, కళాశాలలు, ఆలయాలు, ఆసుపత్రులు. పని ఇచ్చేవారు మొదటి రోజున అడిగేది హంగుల గురించే. బొమ్మలు కదలాలి, అక్షరాలు మెరవాలి, పక్క ఊరివాళ్ల సైటు కన్నా తమది గొప్పగా కనిపించాలి అంటారు. అది తప్పు కోరిక కాదు. చూడగానే నచ్చని పేజీ దగ్గర ఎవరూ నిలవరు. అయితే అదే పేజీ చూపు లేనివారికి సరిగా వినిపించాలి, మౌస్ పట్టుకోలేనివారికి కీబోర్డుతో నడవాలి, చవక ఫోనులోనూ తెరుచుకోవాలి, రేపు ఇంకొక డిజైనర్ చేతికి వెళ్లినా కోడ్ అర్థం కావాలి.

ఈ అవసరాలు ఒకదానికొకటి పొసగవన్న మాట మన రంగంలో తరచూ వినిపిస్తుంది. నేను దానితో ఏకీభవించను. పొసగకపోవడంలో ఎక్కువ భాగం పనిని తలకిందుల వరుసలో చేయడం వల్ల వస్తున్నదే. ముందు హంగులన్నీ బిగించి, తరువాత కోడ్‌ను అందులోని తప్పులు చూపే వాలిడేటర్‌కు ఇచ్చి, చివరకు సమయం మిగిలితే అందుబాటు సంగతి చూద్దామనుకుంటే, ప్రతి దిద్దుబాటుకూ అప్పటికే కట్టినదాన్ని పగలగొట్టవలసి వస్తుంది. వరుస మార్చి, ముందు విషయాన్ని సరైన ట్యాగులలో పెట్టి, దాన్ని అందరూ వాడగలరని నిర్ధారించుకొని, ఆ తరువాత హంగులను తీసేసినా పేజీ నిలబడే విధంగా పైపొరగా వేసుకుంటే, నిజంగా రాజీ పడవలసిన చోట్లు చాలా కొద్దిగానే మిగులుతాయి. ఆ వరుసనూ, ఆ కొద్ది చోట్ల ఏది వదులుకోవాలో కూడా ఇక్కడ వివరిస్తాను. హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్ కొంత తెలిసినవారిని దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను.

సీఎస్‌ఎస్ లేకుండా మొదలుపెట్టండి

రొయ్యల ధరలు చూపే పేజీని ఉదాహరణగా తీసుకుందాం. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చెప్పే కౌంట్‌ను బట్టి, అంటే 30 కౌంట్, 40 కౌంట్ మొదలుకొని 100 కౌంట్ వరకు, ధర మారుతూ పోతుంది. స్వభావరీత్యా ఈ సమాచారం పట్టిక. కనుక దాన్ని టేబుల్ ట్యాగ్‌లోనే రాయాలి. డివ్ ట్యాగులను పక్కపక్కన పేర్చి పట్టికలా కనిపించేలా చేయకూడదు. క్యాప్షన్ ట్యాగ్‌లో "ఈరోజు వనామీ ధరలు, కిలోకు రూపాయలలో" అని పట్టికకు పేరు పెట్టండి. నిలువు వరుసల శీర్షికలకు టీహెచ్ ట్యాగ్ వాడి స్కోప్ విలువను "కాల్" అనీ, ప్రతి అడ్డు వరుస మొదట్లో ఉండే కౌంట్ అంకెకు కూడా టీహెచ్ వాడి స్కోప్ విలువను "రో" అనీ ఇవ్వండి. అప్పుడు తెర మీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వినే రైతు ఒక గడి దగ్గర ఆగినప్పుడు ఉత్త అంకె మాత్రమే కాకుండా, అది ఏ కౌంట్‌కు చెందిన ధరో కూడా వినిపిస్తుంది.

నొక్కితే ఒక పని జరగాలంటే బటన్ ట్యాగ్ వాడాలి. నొక్కితే ఇంకొక చోటికి వెళ్లాలంటే లింకు వాడాలి. ఒక డివ్‌కు క్లిక్ అయ్యే గుణం తగిలించి, దానికి రంగు వేసి బటన్‌లా చూపితే మౌస్ వాడేవారికి తేడా తెలియదు. కానీ ట్యాబ్ మీట నొక్కుతూ వచ్చేవారు దాన్ని దాటి వెళ్లిపోతారు, స్క్రీన్ రీడర్ అది బటన్ అని చెప్పదు, ఎంటర్ మీటా స్పేస్ మీటా దాని మీద పని చేయవు. ఈ లోపాలన్నింటినీ ఏరియా (ARIA, స్క్రీన్ రీడర్‌కు ట్యాగ్ పాత్రను తెలిపే ప్రమాణం) గుణాలతోనూ జావాస్క్రిప్ట్‌తోనూ పూడ్చవచ్చు గానీ, బటన్ ట్యాగ్ వాటిని ఏ శ్రమా లేకుండా ఇస్తుంది, దానికి మనకు కావలసిన రూపం సీఎస్‌ఎస్‌తో ఇచ్చుకోవచ్చు. హెచ్‌టీఎమ్‌ఎల్‌లో తగిన ట్యాగ్ ఉన్నచోట ఏరియా వాడవద్దన్నది ఆ ప్రమాణాన్ని తయారుచేసినవారే చెప్పిన మొదటి నియమం.

ఫారంలో ప్రతి గడికీ కనిపించే లేబుల్ ఉండాలి. గడి లోపల లేత రంగులో కనిపించే సూచనను లేబుల్‌కు బదులుగా వాడకండి. టైపు చేయడం మొదలుపెట్టగానే అది మాయమై, తాము ఏ గడిలో ఉన్నామో మరచిపోయేవారిని ఇబ్బంది పెడుతుంది. ఫోను నంబరు గడికి టైపును "టెల్" అని ఇస్తే ఫోనులో అంకెల కీబోర్డే తెరుచుకుంటుంది. పెద్దవారికి ఇది ఎంత ఉపకారమో ఫారం నింపుతున్నవారి పక్కన కూర్చొని చూస్తే తెలుస్తుంది.

భాషను ప్రకటించడం చాలామంది వదిలేసే పని. తెలుగు పేజీలో హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగ్‌కు లాంగ్ విలువ "టీఈ" అని ఉండాలి. టెంప్లేట్‌లో వచ్చిన "ఈఎన్" అలాగే మిగిలిపోతే స్క్రీన్ రీడర్ తెలుగు వాక్యాలను ఇంగ్లీషు గొంతుతో చదవబోయి తడబడవచ్చు, లేదా పూర్తిగా వదిలేయవచ్చు. పేజీ మధ్యలో వేరే భాష వస్తే ఆ భాగానికి విడిగా లాంగ్ ఇవ్వాలి. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో జరిగే రొట్టెల పండుగ వివరాలను తెలుగుతో పాటు ఉర్దూలోనూ ఇవ్వవలసి వచ్చిందనుకోండి: ఉర్దూ భాగానికి లాంగ్ విలువ "యూఆర్", డిర్ విలువ "ఆర్‌టీఎల్" రెండూ ఇవ్వాలి. ఆ పేజీకి అంచుల దూరాలను ఎడమ, కుడి అని రాయకుండా సీఎస్‌ఎస్‌లోని ఇన్‌లైన్-స్టార్ట్, ఇన్‌లైన్-ఎండ్ పద్ధతిలో రాస్తే ఒకే కోడ్ రెండు దిశలకూ సరిపోతుంది.

ఈ దశలో పేజీ వెలవెలబోతూ కనిపిస్తుంది. ఫరవాలేదు. ఒకసారి పై నుంచి కింది దాకా చదివి, వరుస అర్థవంతంగా ఉందో లేదో చూసుకోండి. ఇక్కడ వరుస సరిగా లేకపోతే ఏ హంగూ దాన్ని సరిచేయదు.

వాలిడేటర్ చెప్పేదాన్ని ఎంతవరకు పట్టించుకోవాలి

వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ ఉచితంగా అందిస్తున్న మార్కప్ పరీక్షకు పేజీని ఇవ్వండి. మూసివేయని ఒక్క ట్యాగ్ వల్ల పదుల కొద్దీ దోషాలు కనిపించవచ్చు గనుక జాబితాను చూసి బెదరవలసిన పని లేదు; మొదటి దోషాన్ని సరిచేసి మళ్లీ పరీక్షిస్తే చాలా దోషాలు వాటంతట అవే పోతాయి.

మిగిలిన దోషాలు అన్నీ ఒకే బరువు గలవి కావు. ఒకే ఐడీని పేజీలో రెండుచోట్ల వాడడం నిజమైన హాని. ధరల హెచ్చరిక కోసం పెట్టిన ఫారంను పేజీ పైన ఒకసారి, కింద ఒకసారి యథాతథంగా అతికిస్తే, కింది ఫారంలోని "ఫోను నంబరు" లేబుల్‌ను నొక్కినవారు పై ఫారంలోని గడిలోకి వెళ్లిపోతారు. లింకు లోపల బటన్ పెట్టడం, బొమ్మను మాటల్లో వివరించే ఆల్ట్ గుణం లేకపోవడం కూడా అటువంటివే. ఇవి ఒక్కటి కూడా మిగలకూడదు. మరోవైపు, బ్రౌజర్ తయారీదారుల పేర్లతో మొదలయ్యే సీఎస్‌ఎస్ గుణాలనూ, ఇటీవల వచ్చిన గుణాలనూ సీఎస్‌ఎస్ పరీక్ష దోషాలుగా చూపిస్తే, వాటిని మీరు తెలిసే వాడారని నిర్ధారించుకొని వదిలేయవచ్చు. తెలియని సీఎస్‌ఎస్ గుణాన్ని బ్రౌజర్ పక్కన పెట్టి ముందుకు సాగడం ఆ భాష స్వభావంలోనే ఉంది.

ఈ విషయంలో ప్రమాణాల చరిత్ర కూడా ఒక మార్గం చూపిస్తుంది. డబ్ల్యూ3సీ వారి అందుబాటు మార్గదర్శకాలు, డబ్ల్యూసీఏజీ అని పిలిచేవి, 2008లో 2.0 రూపంలో వచ్చినప్పుడు ట్యాగులు సరిగా మూసి ఉండాలనీ ఐడీలు పునరావృతం కాకూడదనీ 4.1.1 సంఖ్యతో ఒక నిబంధన పెట్టారు. స్క్రీన్ రీడర్లు కోడ్‌ను నేరుగా చదువుకునే రోజులలో దాని అవసరం ఉండేది. ఇప్పుడు అవి బ్రౌజర్ తయారుచేసి ఇచ్చే సమాచారం మీద ఆధారపడుతున్నాయి, తప్పు కోడ్‌ను ఎలా అర్థం చేసుకోవాలో కూడా హెచ్‌టీఎమ్‌ఎల్ ప్రమాణమే బ్రౌజర్లకు నిర్దేశిస్తున్నది. అందువల్ల 2023 అక్టోబరులో వచ్చిన 2.2 రూపంలో ఆ నిబంధనను తొలగించారు. మనిషికి ఆటంకం కలిగించే దోషాలు మాత్రం వేరే నిబంధనల కింద తప్పులుగానే ఉన్నాయి. నేను పాటించే వరుస కూడా అదే: పరీక్ష చూపిన ప్రతి దోషానికీ "దీని వల్ల ఎవరికి ఏమి ఆగిపోతుంది?" అని అడిగి, ఆగిపోయేది ఉంటే వెంటనే, లేకపోతే శుభ్రత కోసం తీరికగా దిద్దడం.

దోషాలు సున్నా అయినా పేజీ ఎవరికీ అందకుండా ఉండవచ్చు. డీటీపీ కేంద్రాలలో యూనికోడ్ కాని పాత ఫాంట్లతో కూర్చిన ప్రకటనను జేపీజీ బొమ్మగా మార్చి ఆల్ట్‌లో "బ్యానర్" అని రాస్తే వాలిడేటర్ ఏ అభ్యంతరమూ చెప్పదు. ఆ ప్రకటనలో ఉన్న ఒక్క మాటా చూపు లేనివారికి వినిపించదు, వెతుకులాటలో దొరకదు, పెద్దది చేస్తే అక్షరాలు మసకబారతాయి. మన జిల్లాల సైట్లలో నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది ఈ ఒక్క అలవాటే. మాటలు మాటలుగానే, యూనికోడ్‌లోనే ఉండాలి. అలంకారం కావాలంటే వెబ్ ఫాంటుతో చేసుకోవాలి.

తెలుగు లిపి అదనంగా కోరేవి

బజారులో దొరికే టెంప్లేట్లన్నీ ఇంగ్లీషు అక్షరాల కొలతలతో కట్టినవి. ఇంగ్లీషుకు 1.2 రెట్ల వరుస ఎత్తు శీర్షికలలో సరిపోతుంది. తెలుగులో వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి గనుక అదే కొలతతో పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. పేరాలకు 1.6 నుంచి 1.8 వరకు, శీర్షికలకు 1.4కు తగ్గకుండా ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం. ఇంకా ముఖ్యమైనది, మెనూలకూ కార్డులకూ నిర్ణీత ఎత్తు ఇచ్చి ఓవర్‌ఫ్లోను "హిడెన్" చేస్తే వత్తులు తెగిపోతాయి. పెట్టెలకు కనీస ఎత్తు మాత్రమే ఇచ్చి, అక్షరాలను బట్టి పెరగనివ్వండి. ఏ ఫాంటునైనా, ఏ పెట్టెనైనా పరీక్షించడానికి "స్వాతంత్ర్యం", "రాష్ట్రం", "లక్ష్మి" అన్న మాటలు రాసి చూడండి. ఈ మూడూ తెగకుండా కనిపిస్తే మిగిలినవీ కనిపిస్తాయి.

ఫాంటు ఎంపికలో అందమూ చదవడానికి వీలూ వేరువేరు చోట్ల కావాలి. మండలి, నోటో సాన్స్ తెలుగు వంటివి పేరాలకు అనుకూలం. రామభద్ర వంటి లావుపాటి అక్షరాలు శీర్షికలకు బాగుంటాయి, పేరాకు పనికిరావు. లావు రూపం లేని ఫాంటుకు బోల్డ్ ఇస్తే బ్రౌజర్ కృత్రిమంగా లావు చేసి వత్తులను ముద్ద చేస్తుంది. వాలు రూపం సంగతీ అంతే. ఫాంటు ఫైలు బరువు తగ్గించడానికి అనవసరమైన అక్షరాలను తొలగించే పనిముట్లు వాడేటప్పుడు, గుణింతాలనూ వత్తులనూ కలిపే నియమాల పట్టికలు కూడా పోతే "నెల్లూరు" అన్న మాటే విడిపోతుంది. ఫాంట్-డిస్‌ప్లే విలువను "స్వాప్" అని ఇస్తే, ఫాంటు దిగేలోగా ఫోనులోని తెలుగు ఫాంటుతో పాఠం కనిపిస్తుంది. తీరప్రాంత గ్రామాలలో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నప్పుడు ఈ ఒక్క మాట పేజీని కాపాడుతుంది.

ఒక్కొక్క అక్షరం విడివిడిగా ఎగిరివచ్చి మాటగా కూడుకునే హంగు ఇప్పుడు అందరూ అడుగుతున్నది. దాన్ని చేసే జావాస్క్రిప్ట్ పనిముట్లు మాటను ముక్కలు చేసి ఒక్కొక్క ముక్కను స్పాన్ ట్యాగ్‌లో పెడతాయి. ఇంగ్లీషులో అది పనిచేస్తుంది. తెలుగులో "ల్లూ" అన్నది కంటికి ఒక అక్షరమే అయినా కంప్యూటర్‌లో హల్లు, పొల్లు, మళ్లీ హల్లు, కొమ్ము దీర్ఘం అని నాలుగు సంకేతాలు. వాటిని విడగొడితే చుక్కల వలయాలు ప్రత్యక్షమవుతాయి. బ్రౌజర్‌లోని Intl.Segmenter అన్న పనిముట్టు సహాయంతో అక్షరాలుగా విడగొట్టవచ్చు గానీ, వత్తు గల అక్షరాలను ఒకటిగా చూసే నియమం తెలుగుకు 2023లో యూనికోడ్ 15.1తోనే వచ్చింది కనుక పాత ఫోనులలో "ల్", "లూ" అని విడిపోతుంది. పైగా ముక్కలైన మాటను స్క్రీన్ రీడర్ ముక్కలుగానే చదివే ప్రమాదం ఉంది. తెలుగు శీర్షికను మాటల వారీగా కదిలించండి, అక్షరాల వారీగా వద్దు. చూపరికి కలిగే ఆనందంలో తేడా ఉండదు, కోడ్ కూడా తగ్గుతుంది.

రంగులు, వెలుతురు

మామూలు పాఠానికీ దాని నేపథ్యానికీ మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలనీ, పెద్ద అక్షరాలకు 3:1 చాలుననీ డబ్ల్యూసీఏజీ చెబుతుంది. నలుపు తెలుపుల మధ్య నిష్పత్తి 21:1. ప్రకటనలకు మనవారు తరచూ ఎంచుకునే ముదురు ఎరుపు కాని స్వచ్ఛమైన ఎరుపు రంగు తెల్లని నేపథ్యం మీద సుమారు 4:1 మాత్రమే ఇస్తుంది. కొంచెం నలుపు కలిపితే చాలు, సరిపోతుంది. నారింజ రంగు అక్షరాలు తెలుపు మీద 2:1 దగ్గరే ఆగిపోతాయి, కానీ అదే నారింజ మీద నల్లని అక్షరాలు హాయిగా చదవవచ్చు. కాబట్టి యజమాని కోరిన రంగును వదులుకోకుండానే, దాన్ని అక్షరానికి వాడాలో నేపథ్యానికి వాడాలో మార్చుకుంటే చాలాసార్లు సమస్య తీరుతుంది.

ఈ నిష్పత్తి అవసరం చూపు మందగించినవారితో ఆగిపోదు. మధ్యాహ్నపు ఎండలో చెరువు గట్టు మీద నిలబడి ఫోనులో ధర చూసే రైతుకు, కళ్లు ఎంత బాగున్నా, బూడిద రంగు అక్షరాలు కనిపించవు. యజమానులకు ఈ మాట చెబితే వెంటనే ఒప్పుకుంటారు.

ధర పెరిగితే ఆకుపచ్చ, తగ్గితే ఎరుపు చూపడం మంచిదే గానీ, రంగు ఒక్కటే ఆధారం కాకూడదు. ఆ రెండు రంగులను వేరు చేసి చూడలేనివారు ఉన్నారు. అంకె పక్కన "పెరిగింది", "తగ్గింది" అన్న మాట గానీ, ఆ అర్థం వినిపించే బాణం గుర్తు గానీ ఉంచండి.

గ్రానైట్ సైట్లలో చిక్కు మరొకటి. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ రాయి అందమంతా నల్లని నేల మీద మెరిసే బంగారు చుక్కలలో ఉంది. ఆ ఫొటో మీద నేరుగా అక్షరాలు వేస్తే రాయీ కనిపించదు, మాటా కనిపించదు. ఫొటో మీద అక్షరాలు తప్పనిసరి అయితే, వాటి వెనుక మాత్రమే ముదురు పొర వేసి, ఫొటో రాకపోయినా అక్షరాలు కనిపించేలా నేపథ్య రంగు కూడా ఇవ్వండి. నాకైతే రాయి ఫొటోను ఏ అడ్డూ లేకుండా పెద్దగా చూపి, వివరాలను దాని కిందనే రాయడం ఉత్తమంగా తోస్తుంది. ఆ ఫొటో ఆల్ట్‌లో "గ్రానైట్" అని ఒక్క మాట రాసి ఊరుకోకండి. "నల్లని పలక మీద చిన్న బంగారు వన్నె చుక్కలు సమంగా పరుచుకొని ఉన్నాయి, పాలిష్ చేసిన ఉపరితలం" అని కొనేవారు తెలుసుకోదలచిన దాన్ని రాయండి. కేవలం అలంకారంగా పెట్టిన గీతలకూ పువ్వులకూ ఆల్ట్‌ను ఖాళీగా ఉంచాలి, కానీ ఆల్ట్ గుణాన్నే తీసేయకూడదు.

కదలికలు

కళాశాల సైట్లలో అడ్డంగా పరుగెత్తే ప్రకటనల పట్టీ ఇప్పటికీ చాలాచోట్ల మార్కీ ట్యాగ్‌తోనే నడుస్తున్నది. ఆ ట్యాగ్‌కు కాలం చెల్లిందని వాలిడేటర్ చెబుతుంది, సీఎస్‌ఎస్ వాడమంటుంది. దాన్ని సీఎస్‌ఎస్ యానిమేషన్‌గా మార్చగానే దోషం పోతుంది. పరీక్ష తేదీ చదవబోతుండగానే పక్కకు జారిపోయే ఇబ్బంది మాత్రం పోదు. దానంతట అదే మొదలై 5 సెకన్లకు మించి, మిగిలిన పాఠం పక్కనే కదిలే దేనికైనా ఆపే వీలు ఉండాలని డబ్ల్యూసీఏజీలోని కనీస స్థాయి నిబంధనే చెబుతుంది. మౌస్ పెడితే ఆగడం చాలదు, ఫోనులో మౌస్ లేదు. కనిపించే ఆపు బటన్ పెట్టండి. అంతకన్నా మేలైనది, ప్రకటనలను తేదీలతో సహా కదలని జాబితాగా పెట్టి, సరికొత్తదానికి మాత్రం ఒక్కసారి మెరిసి నిలిచిపోయే రంగు ఇవ్వడం. ఏ మెరుపైనా సెకనుకు మూడుసార్లకు మించి రాకూడదు. అది మూర్ఛ వ్యాధి ఉన్నవారి క్షేమానికి సంబంధించిన విషయం.

పేజీ జరుపుతుంటే నేపథ్యం వేరే వేగంతో కదలడం, పెద్ద బొమ్మలు దగ్గరికి దూసుకురావడం కొందరికి నిజంగానే తల తిప్పిస్తాయి. అటువంటివారు ఫోనులో గానీ కంప్యూటర్‌లో గానీ కదలికలు తగ్గించమని అమర్చుకుంటారు. ఆ కోరికను సీఎస్‌ఎస్‌లోని ప్రిఫర్స్-రెడ్యూస్డ్-మోషన్ అన్న మీడియా ప్రశ్నతో తెలుసుకోవచ్చు. కదలికలన్నీ రాసి, తగ్గించమన్నవారికి రద్దు చేయడం ఒక పద్ధతి. నేను సూచించేది దానికి తిరుగుడు: ముందు కదలని పేజీని రాసి, ఏ అభ్యంతరమూ లేదన్నవారికి మాత్రమే కదలికలను చేర్చడం. ఇందులో ఏదైనా పొరపాటు జరిగితే కదలిక రాకుండా పోతుంది, మనిషికి ఇబ్బంది కలగదు.

కదిలించేటప్పుడు ట్రాన్స్‌ఫార్మ్, ఒపాసిటీ అన్న రెండు గుణాలకే పరిమితం కండి. వెడల్పు, ఎత్తు, స్థానం మార్చితే బ్రౌజర్ ప్రతి క్షణమూ పేజీ అమరికను మళ్లీ లెక్కించుకోవాలి, చవక ఫోనులో పేజీ గతుక్కుమంటుంది. గాజు వెనుక మసకగా కనిపించే హంగు వంటివాటిని సీఎస్‌ఎస్‌లోని సపోర్ట్స్ నియమం లోపల పెట్టి, అది లేని బ్రౌజర్లకు నిండు రంగు ఇవ్వండి.

నిజంగా ఎదురుపడే చోట్లు

పట్టికను ఫోను వెడల్పుకు కుదించడానికి టేబుల్ ట్యాగ్ డిస్‌ప్లే విలువను "బ్లాక్" అని మార్చడం ప్రసిద్ధమైన చిట్కా. కోడ్ నియమబద్ధమే, చూడడానికీ బాగుంటుంది, కానీ కొన్ని బ్రౌజర్లలో స్క్రీన్ రీడర్‌కు అది ఇక పట్టికగా అందదు. పట్టికను ముట్టుకోకుండా దాని చుట్టూ ఒక డివ్ పెట్టి, ఆ డివ్‌కు అడ్డంగా జరిగే వీలు ఇవ్వండి. దానికి రోల్ విలువను "రీజియన్" అని, ఒక పేరు, ట్యాబ్‌ఇండెక్స్ విలువ 0 ఇస్తే కీబోర్డుతో కూడా జరపవచ్చు.

నొక్కబోతున్న బటన్ చుట్టూ వచ్చే గీత అందాన్ని చెడగొడుతోందని అవుట్‌లైన్‌ను తీసివేయమంటారు. ఈ ఒక్క విషయంలో నేను రాజీ పడను. ఆ గీత లేకపోతే కీబోర్డుతో నడిచేవారికి తాము ఎక్కడున్నారో తెలియదు. సైటు రంగులకు నప్పే మందమైన గీతను ఫోకస్-విజిబుల్ అన్న ఎంపికతో ఇస్తే మౌస్‌తో నొక్కేవారికి సాధారణంగా అది కనిపించదు, అవసరమైనవారికి స్పష్టంగా కనిపిస్తుంది. పైన అతుక్కొని ఉండే మెనూ కింద ఆ గీత దాగిపోకుండా స్క్రోల్-ప్యాడింగ్ ఇవ్వడం మరచిపోవద్దు. ఫ్లెక్స్‌లోని ఆర్డర్ గుణంతో పెట్టెలను కంటికి మాత్రమే తారుమారు చేసినా ట్యాబ్ మీట పాత వరుసలోనే వెళుతుంది. వరుస మార్చాలంటే హెచ్‌టీఎమ్‌ఎల్‌లోనే మార్చండి. నొక్కే చోట్లు కనీసం 24 పిక్సెళ్ల వెడల్పు, ఎత్తు ఉండాలని డబ్ల్యూసీఏజీ 2.2 రూపం కోరుతుంది. తడి చేతులతో ఫోను వాడేవారికి 44 ఇవ్వడం న్యాయం.

యజమాని ఇంకా సందేహిస్తే చట్టం సంగతి కూడా చెప్పవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ సేవలతో పాటు ప్రైవేటు సేవలు అందించేవారికీ వర్తిస్తుంది. దాని కింద రూపొందిన నియమావళిలో అందుబాటు నియమాలు కేవలం సూచనలుగా మిగిలిపోయాయని గుర్తించి, తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలు తయారుచేయాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న కేంద్రాన్ని ఆదేశించింది. 2025 ఏప్రిల్‌లో డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని కూడా తీర్పు చెప్పింది.

పరీక్షించడం, అప్పగించడం

మౌస్ తీసేసి, ట్యాబ్, ఎంటర్, స్పేస్ మీటలతోనే పేజీ అంతా తిరిగి రండి. బ్రౌజర్‌లో పాఠాన్ని 200 శాతానికి పెంచండి. 320 పిక్సెళ్ల వెడల్పులో అడ్డంగా జరపకుండా చదవగలుగుతున్నారో లేదో చూడండి, పట్టికలకు మాత్రం మినహాయింపు ఉంది. విండోస్‌లో ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏతోనూ, ఆండ్రాయిడ్ ఫోనులోని టాక్‌బ్యాక్‌తోనూ పేజీని కళ్లు మూసుకొని వినండి. యంత్రాలతో చేసే పరీక్షలు వంద మార్కులు ఇచ్చినా, ఆల్ట్ ఉందో లేదో అవి చెప్పగలవు గానీ అందులో రాసినది నిజమో కాదో చెప్పలేవు. వీలైతే స్క్రీన్ రీడర్ రోజూ వాడే విద్యార్థినో ఉద్యోగినో పిలిచి, ధర వెతకమనో దరఖాస్తు నింపమనో ఒక పని చెప్పి, మీరు మాట్లాడకుండా చూడండి. వారి సమయానికి డబ్బు ఇవ్వండి, ఆ ఖర్చును మొదటి కొటేషన్‌లోనే చేర్చండి.

సైటు అప్పగించాక కార్యాలయంలో ఉండే ఉద్యోగి బొమ్మలూ ప్రకటనలూ చేరుస్తూ పోతారు, చెడిపోయేదీ అక్కడే. కాబట్టి తెలుగులో ఒక పుట సూచనలు రాసి ఇవ్వండి: ప్రకటనను యూనికోడ్‌లో టైపు చేయడం, బొమ్మకు ఆల్ట్ రాయడం, వర్డ్ నుంచి అతికించేటప్పుడు రూపం లేకుండా మాటలను మాత్రమే అతికించడం, శీర్షికను లావు అక్షరాలతో కాకుండా శీర్షిక గుర్తుతో పెట్టడం. ఆ ఉద్యోగి చేతనే ఒక ప్రకటన, ఒక బొమ్మ మీ ఎదుట పెట్టించి, మూడు నెలల తరువాత వాలిడేటర్‌నూ కీబోర్డు పరీక్షనూ మళ్లీ చేసే పనిని ఒప్పందంలో తేదీతో సహా రాయించండి.